పిప్పి కాని పన్ను

మా మనవరాలు నవ్వుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆరేళ్ళ పిల్ల, పేరు హాసిని. మొన్నమొన్నటి వరకూ అది నవ్వితే వీధి చివర ఉన్న పాలబూత్ దాకా వినబడేది. ఆ రోజు బడి నుంచి వచ్చి, తరగతిలో ఎవరో బల్ల మీంచి జారిపడిన సంగతి చెబుతూ, నవ్వు వచ్చేసరికి అరచెయ్యి తీసి పెదాల మీద పెట్టుకుంది. ముందు పాలపన్ను ఒకటి నల్లబడి అంచు విరిగింది. దాన్ని చూసి బడిలో ఎవరో వెక్కిరించారట. పిల్ల ఏడవలేదు, కొట్టలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుని ఇంటికొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే నేనూ మా కోడలు సరితా దాన్ని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. నల్లబడింది పాలపన్నే, ఎలాగూ ఊడిపోతుంది, దాని గురించి బెంగ లేదంది ఆవిడ. వెనకాల కొత్తగా వచ్చిన దవడ పన్ను మాత్రం అసలు పన్ను, పోతే మళ్ళీ రాదు, దాని మీద అప్పుడే తెల్ల మచ్చ వేసిందంది. ఇప్పుడే ఫ్లోరైడ్ పూసి, ఇంట్లో ఫ్లోరైడ్ పేస్టుతో తోమిస్తే మచ్చ దగ్గరే ఆగిపోతుందంది. పూయమనే లోపల మా కోడలు పిల్లని కుర్చీలోంచి దించేసింది. "వద్దు మేడమ్," అంది. ఆటోలో ఇంటికొస్తుంటే నాకు నా పద్నాలుగో ఏడు గుర్తొచ్చింది. ఈ పోట్లాట నేను అప్పుడే ఒకసారి పోట్లాడి గెలిచాను. గెలిచింది గెలిచినట్టు ఉండదని ఇప్పుడు తెలిసింది. జ్ఞాపకాలు తియ్యగా ఉండాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. చెప్పబోయేది తీపి సంగతే గానీ, తియ్యగా చెప్పే ఉద్దేశం నాకు లేదు.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసిన ఇల్లు. వీధి వైపు కొట్టు, పెరటి వైపు గొడౌను, ఆ రెండింటి మధ్యా ఇరుక్కుని మా కాపురం. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి బెల్లం వాసన తెలియదు, అది లేని గాలి పీల్చి ఎరగం కాబట్టి. ఏ పెళ్ళికో పొరుగూరు వెళ్ళి తిరిగొచ్చినప్పుడు మాత్రం రిక్షా దిగగానే ముక్కుకి తగిలేది. కొత్త బెల్లం, తడిసిన గోనెలు, నేల మీద పాకం కారి, జనం తొక్కగా తొక్కగా గట్టిపడిన జిగురు. ఉత్త కాళ్ళతో నడిస్తే పాదాలు అంటుకునేవి. సీజనులో కందిరీగలు చుట్టాల్లా తిరిగేవి. వాటిని ఎవరూ తోలేవారు కాదు, అవీ ఎవర్నీ కుట్టేవి కావు. కశింకోట వైపు నుంచీ రావికమతం వైపు నుంచీ బళ్ళ మీద దిమ్మలొచ్చేవి. నాన్న ఒక్కొక్క దిమ్మ అంచునీ గోటితో గిల్లి, ఆ ముక్క నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఈ లోకంలో లేనట్టు ఉండేవాడు. ఆ ముక్కని మచ్చు అంటారు. రైతుకో మచ్చు, కొనే షావుకారుకో మచ్చు. మిగిలిన మచ్చులన్నీ కండువా చెంగున మూటగట్టి, మధ్యాహ్నం భోజనానికి వస్తూ ఇంట్లోకి తెచ్చేవాడు. అవి మావి.

మావి అంటే ఆడవాళ్ళవీ పిల్లలవీ. కొట్లో మగవాళ్ళు రుచి చూడగానే నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మేసేవారు. నాలిక మీద పాత రుచి ఉంటే కొత్త దిమ్మ బండారం తెలియదని వాళ్ళ లెక్క. ఇంట్లో మేము ఉమ్మితే మామ్మ ఊరుకునేది కాదు, బెల్లం లక్ష్మి అనేది. మచ్చు ముక్క బుగ్గన పెట్టుకుని బియ్యం ఏరేవాళ్ళం, పూలు కట్టేవాళ్ళం, బట్టలు ఆరేసేవాళ్ళం. ముక్క కరిగిపోతే ఇంకోటి. పిల్లలకి దగ్గొస్తే మిరియాలు నూరి బెల్లంలో కలిపి, ఉండ చేసి బుగ్గన పెట్టి పడుకోబెట్టేవారు. పొద్దున్న లేచేసరికి దగ్గు తగ్గేదో లేదో గానీ, నోరు మాత్రం పాకం పట్టినట్టుండేది. అలా మగవాళ్ళు కడుక్కున్నారు, మేము కడుక్కోలేదు. మగవాళ్ళ పళ్ళు ఉన్నాయి, మా ఆడవాళ్ళ పళ్ళు లేవు. దీనికి మా ఇంట్లో చెప్పుకున్న కారణం ఏమిటో తెలుసా? మన ఇంటి ఆడోళ్ళకి పళ్ళు నిలవవు. అంతే. ముక్కు ఎవరి పోలికో, రంగు ఎవరి పోలికో చెప్పుకున్నట్టు పళ్ళు ఊడటాన్నీ పోలికల్లో కలిపేశారు.

నాకు ఊహ తెలిసేసరికే మామ్మ నోట్లో పళ్ళు లేవు. మామ్మ అంటే నాన్న తల్లి. ఇంటి తాళాలూ, నూతి వైపు కిటికీ పక్క పీటా, అందరి మీద పెత్తనమూ ఆవిడవే. ఏ పన్ను ఏ కానుపుకి పోయిందో చెప్పేది. "మీ నాన్న నా దవడ పన్ను పట్టుకుపోయేడు, మీ అత్త రెండు ముందరి పళ్ళు తినేసింది," అని నవ్వేది. నవ్వేటప్పుడు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అమ్మా అంతే, మేనత్తా అంతే. మా ఇంటికి వచ్చిన చుట్టాలు ఎంత మర్యాదస్తులండీ మీ ఆడవాళ్ళు, నవ్వినా పళ్ళు కనబడవు అని మెచ్చుకునేవారు. ఆ మర్యాద ఏమిటో నాకు ఆ వయసులోనే తెలుసు. ఆ చెంగు వెనకాల పిప్పి ఉండేది. మా ఊళ్ళో పిప్పి అన్న మాట రెండు చోట్ల వినబడుతుంది. గానుగలో రసం పిండేశాక పొయ్యిలోకి తోసే చెరకు పిప్పి ఒకటి, నోట్లో పుచ్చిపోయిన పిప్పి పన్ను ఒకటి. ఒకే చెరకు రెండు చోట్లా పిప్పే మిగిల్చిందని నాకు చిన్నప్పుడే కోపంగా ఉండేది.

పళ్ళు తోముకోలేదా అంటే, తోముకున్నాం. ఎవరూ తోముకోనంత గట్టిగా తోముకున్నాం. పొద్దున్నే మామ్మ నూతి దగ్గర పీట వేసుకుని కూర్చుని, బొగ్గూ ఉప్పూ కలిపి దంచిన పొడి రేకు డబ్బాలోంచి మా అరచేతుల్లో పోసేది. చూపుడువేలు కిచకిచమనే దాకా తోమాలి. తోమాక వేలితో రుద్ది చూపించాలి. నల్లటి ఉమ్మి నూతిగట్టు పక్క కాలవలో పారేది. పళ్ళు తెల్లగానే ఉండేవి, కాదనను. తెల్లగా ఉంటూనే లోపల్లోపల పుచ్చిపోయేవి. ఆ బొగ్గు వాసనా, ఉప్పు రుచీ, తడి సిమెంటు మీద మామ్మ కాళ్ళ పట్టీల చప్పుడూ నాకిప్పటికీ ఇష్టమే. ఇష్టం వేరు, నిజం వేరు.

అమ్మకి పంటి నొప్పి వచ్చేది. నొప్పి అన్న మాట చాలదు. దవడ వాచి, కన్ను సగం మూసుకుపోయి, తల చుట్టూ పాత పంచె గుడ్డ కట్టుకుని, పంట్లో లవంగం నొక్కుకుని వంట చేసేది. ఒకసారి అలాగే పది మంది రైతులకి భోజనాలు వడ్డించింది. ఎవరూ ఏమీ అనలేదు, అది కూడా పోలికే కాబట్టి. చివరికి వాపు మెడ దాకా దిగేసరికి నాన్న భయపడి, బజారులో బట్టల కొట్టు మేడ మీద కొత్తగా బోర్డు పెట్టిన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. తోడు నన్ను పంపాడు. డాక్టరు అమ్మ పళ్ళు రెండు పీకేశాడు. పళ్ళెంలో రక్తం మధ్య ఆ పళ్ళు చూశాను. గోధుమరంగులో, బోలుగా, నిజంగానే పిప్పిలా ఉన్నాయి. తర్వాత ఆయన నా వైపు తిరిగి, నువ్వూ నోరు తెరవమ్మా అన్నాడు.

నాకు అప్పటికే ఒక దవడ పన్ను పోయింది. దాన్ని చూసి ఆయన పెద్దగా పట్టించుకోలేదు. మిగతా పళ్ళ మీద చిన్న అద్దం పెట్టి చూస్తూ, "ఇదిగో, ఈ పంటి మీద తెల్ల మచ్చ," అన్నాడు. అమ్మ నోట్లో దూది ఉంది, లేకపోతే అరిచేదే. పెళ్ళి కావలసిన ఆడపిల్లకి తెల్ల మచ్చ అన్న మాట ఎవరైనా వింటే బొల్లి అనుకుంటారని ఆవిడ భయం. డాక్టరు నవ్వి, ఒంటి మీది మచ్చ కాదమ్మా ఇది అని, నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. బెల్లం నోట్లో నిలవుంటే కంటికి కనబడని క్రిములు దాన్ని తిని పులుపు చేస్తాయట. ఆ పులుపు పంటిలో ఉండే సున్నాన్ని కరిగించేస్తుందట. సున్నం పోయిన చోట పన్ను పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. అదే మచ్చ. అక్కడ ఇంకా రంధ్రం పడలేదు గనక దాన్ని వెనక్కి తిప్పొచ్చు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజూ తోముకుంటే, ఉమ్ములో ఉన్న సున్నం మళ్ళీ ఆ చోట పట్టుకుంటుంది, ముందుకంటే గట్టిగా పట్టుకుంటుంది, పులుపుకి తొందరగా లొంగదు. "రంధ్రం పడ్డాక మాత్రం ఏ పేస్టూ పూడ్చలేదు. అప్పుడు నా దగ్గరికే రావాలి," అన్నాడు. నాకు ఆ మాటల్లో ఒక్కటే వినబడింది. వెనక్కి తిప్పొచ్చు. పోలిక కాదన్నమాట. నా జన్మలో నాకెవరూ అంత మంచి వార్త చెప్పలేదు.

పేస్టు కొనుక్కుని ఇంటికొచ్చి నూతిగట్టు మీద పెట్టాను. మామ్మ కళ్ళు కిటికీ లోంచే దాన్ని పట్టుకున్నాయి.

"ఏటే గుంటా అది?"

"పేస్టు మామ్మా. డాక్టరు రాసిచ్చేడు. ఫ్లోరైడ్ పేస్టు."

మామ్మ పీట మీంచి లేచి వచ్చింది. ఆవిడ లేచి రావడం చిన్న విషయం కాదు. తప్పు నాదే, ఆ పేరు అనకుండా ఉండవలసింది. ఎందుకంటే మా ఇంట్లో ఫ్లోరైడ్ అంటే ఒక ఫోటో. నాన్న రోజూ పొద్దున్న వీధి అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివేవాడు. నల్గొండ జిల్లా పల్లెల్లో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై, అవి తాగినవాళ్ళ ఎముకలు వంగిపోయిన సంగతి ఆ మధ్యే ఫోటోతో సహా వచ్చింది. కర్ర పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డ మనుషులు. మామ్మ ఆ పేపరు మడత విప్పి, చూసి, కళ్ళు తుడుచుకుంది. ఆ మాట తెలుగు దేశంలో మందు పేరుగా రాలేదు, రోగం పేరుగా వచ్చింది. ఇంగ్లీషు పుస్తకాలు చదివినవాళ్ళకి ఈ తిరకాసు అర్థం కాదు.

"ఆ నీళ్ళు తాగి మనుషులు కొడవళ్ళలాగ ఒంగిపోతన్నారని మీ నాన్న సదివేడు కదే! ఆ రోగాన్ని గొట్టంలో పెట్టి అమ్ముతన్నారా? నువ్వు కొనుక్కొచ్చేవా?" అంటూ మామ్మ మూత తీసి, గొట్టం రెండు చేతుల్తో పిండి, పేస్టంతా కాలవలో పోసేసింది. నల్లటి కాలవలో తెల్లటి పాములా పారింది. ఖాళీ గొట్టం నా చేతిలో పెట్టి, వేలు కిచకిచమనే దాకా తోముకోమంది.

నేను ఏడుస్తాననుకుంది. ఏడవలేదు. మామ్మ పుట్టిల్లు కశింకోట పక్క పల్లె. వాళ్ళ నాన్నకి సొంత గానుగ ఉండేది, ఆయన వండిన బెల్లం గురించి మామ్మ గంటలు గంటలు చెప్పేది. అక్కడ పట్టుకున్నాను.

"మామ్మా, మీ నాన్న బెల్లం వండినప్పుడు పెనంలో సున్నం ఏసేవోడా?"

"ఎయ్యకపోతే మడ్డెలాగ తేలతాది? దిమ్మెలాగ కడతాది?"

"ఎంతేసేవోడు?"

"సిటికెడు. సేతికి తెలుత్తాది."

"దోసెడు ఏసేత్తే?"

"నల్లటి దిమ్మొత్తాది. గేదెలు కూడా మూతెట్టవు. తెలివితక్కువ పెశ్నలూ నువ్వూ."

"నల్గొండ నీళ్ళల్లో దోసెడుంది మామ్మా. నా పేస్టులో సిటికెడుంది. అదీ మింగను, ఉమ్మేత్తాను."

"నోరు లేచిందే నీకు," అంది మామ్మ. "నోరు పోకుండా సూసుకుందామనే మామ్మా," అన్నాను. ఆ మాటకి తొడపాశం పెట్టింది. నల్లగా కమిలింది. నాకు బాధ వెయ్యలేదు. ఆడపిల్ల జవాబు చెబితే చర్మం కమిలే రోజులవి. జవాబు చెప్పాను, అది చాలు.

సాయంత్రం అమ్మ దవడకి కట్టిన గుడ్డతోనే గొడౌనులోకి వచ్చి, పమిట లోంచి కొత్త గొట్టం తీసి నా చేతిలో పెట్టింది. ఎప్పుడు తెప్పించిందో, ఎవరిచేత తెప్పించిందో నాకు ఇప్పటికీ తెలియదు. "నావి ఎలాగూ అయిపోయేయి. నీవి నువ్వు కాపాడుకో. మామ్మకి కనబడకుండా తోముకో," అంది. అమ్మ మాట మొదటి సగం విన్నాను. రెండో సగం వినలేదు. దాక్కుని తోముకుంటే నేను తప్పు చేస్తున్నట్టు అవుతుంది. పైగా దాక్కోవడమంటే మళ్ళీ అదే చెంగు, ఇంకో రూపంలో.

మర్నాడు పొద్దున్న బ్రష్షు మీద పేస్టు పెట్టుకుని, కొట్టు ముందు వీధి అరుగు మీద నిలబడ్డాను. సీజను మంచి జోరు మీదుంది. వీధి నిండా బెల్లం బళ్ళు, కలాసీలు, షావుకార్లు. లంగా ఓణీ వేసుకున్న పిల్ల నోటి నిండా నురగతో అరుగు మీద నిలబడటం మా వీధి ఎప్పుడూ చూడలేదు. బళ్ళవాళ్ళు ఎద్దుల్ని ఆపి మరీ చూశారు. దిమ్మలు దింపుతున్న కలాసీలు బరువు భుజం మీద ఉంచుకునే నిలబడిపోయారు. నా చెయ్యి మాత్రం ఆగలేదు. మామ్మ లోపల్నుంచి గోల మొదలుపెట్టింది: "ఒరే, అది పరువు తీసేత్తందిరా! దాన్ని లోపలికి లాగరా!" నాన్న నోట్లో మచ్చుతో, కళ్ళు సగం మూసుకుని కొట్లోంచి బయటికొచ్చాడు. నన్ను చూశాడు. నా వెనక గుమ్మంలో గుడ్డ కట్టుకున్న దవడతో నిలబడ్డ అమ్మని చూశాడు. అమ్మని చూడటానికే ఎక్కువసేపు పట్టింది. తర్వాత తాపీగా పుక్కిలించి ఉమ్మి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"నోరు దానిదమ్మా. తోముకోనీ," అన్నాడు మామ్మతో. ఆ తర్వాత వీధి వైపు తిరిగి, "ఏటండీ సూత్తన్నారు? ఇటు మచ్చు సూడండి," అన్నాడు. బళ్ళు కదిలాయి.

ఆ సీజనంతా మామ్మ నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, జడ వేసేది, మాట్లాడేది కాదు. నేనూ తగ్గలేదు. రోజూ తోముకున్నాను, మచ్చు తిన్నాక మగవాళ్ళలా పుక్కిలించి ఉమ్మాను, లక్ష్మి అలిగితే అలగనీ అనుకున్నాను. బెల్లం మాత్రం మానలేదు. అనకాపల్లిలో పుట్టి బెల్లం మానెయ్యమంటే ఎలా కుదురుతుంది? చాలా ఏళ్ళ తర్వాత, మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం మామ్మ నన్ను దగ్గరికి పిలిచి నోరు తెరవమంది. చూపు లేదప్పటికి. బొగ్గుపొడితో తోమి తోమి అరిగిన ఆ చూపుడువేలు నా పళ్ళ వరస వెంట పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా తడుముకుంటూ వెళ్ళింది. "ఉన్నాయేటే అన్నీ?" అంది. ఒకటి తప్ప అన్నీ ఉన్నాయన్నాను. చెయ్యి తీసి దుప్పటిలో పెట్టుకుని, గోడ వైపు తిరిగి, "అయితే నువ్వు సెంగు అడ్డమెట్టుకోకు," అంది. నేను గెలిచానని ఆవిడ ఒప్పుకున్నది అంతవరకే. నాకది చాలు. డాక్టరు మచ్చ చూపించిన పన్ను ఇవాళ్టికీ నా నోట్లో ఉంది. మచ్చ గోధుమరంగుకి తిరిగి, గాజులా గట్టిపడి, అలాగే ఆగిపోయింది. నేను నోరంతా తెరిచి నవ్వుతాను, ఫోటోల్లో కూడా. నచ్చనివాళ్ళు పక్కకి చూడొచ్చు.

ఇన్ని యుద్ధాలు చేసినదాన్ని కదా, ఆటో దిగి ఇంట్లోకి రాగానే స్నానాలగదిలోకి వెళ్ళి పిల్ల పేస్టు ఏమిటో చూశాను. పచ్చటి పెట్టె, మీద వేపాకు బొమ్మ. ఫ్లోరైడ్ లేదని గొప్పగా, పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. దాని పక్కన నల్లటి గొట్టం ఇంకోటి, అందులో బొగ్గు! మా మామ్మ రేకు డబ్బాలో ఊరికే పోసిన బొగ్గుని మెరుగు కాగితం చుట్టి, ప్రకృతి అని పేరు పెట్టి మనకే తిరిగి అమ్ముతున్నారు. ఆ రోజుల్లో తెలియక చేశారు. ఈ రోజుల్లో తెలిసిందనుకుని చేస్తున్నారు. తెలియనివాళ్ళతో పోట్లాడటమే తేలిక. రెండింటినీ చెత్తబుట్టలో పడేసి, వీధిలోకి వెళ్ళి ఫ్లోరైడ్ పేస్టు కొనుక్కొచ్చి వాటి చోట పెట్టాను. సరిత దాన్ని తీసుకొచ్చి నా చేతిలో పెట్టేసింది.

సరిత మా అబ్బాయితో అచ్యుతాపురంలో ఒకే కంపెనీలో పనిచేస్తుంది. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. నల్గొండ దగ్గర పల్లె వాళ్ళది. నెమ్మదైన పిల్ల, పెదాలు విప్పకుండా నవ్వుతుంది. గంభీరం అనుకుని ఇన్నేళ్ళూ దాని జోలికి పోలేదు నేను.

"అత్తమ్మా, గా పేరు మీద మా ఇంట్ల ఏమైందో మీకు ఎన్నడూ చెప్పలే," అంది. "మా తాత మెడ తిప్పలేకపోయెటోడు. ఎవలన్న పిలిస్తే మొత్తం మనిషే తిరగాలె. బోరు నీళ్ళే తాగినం, గవే నీళ్ళతోని మా అమ్మ అన్నం వండింది. విషమని ఎవలికి తెలుసు? ఊరికి మంచినీళ్ళు వచ్చేసరికి మా తాత పోయిండు." అని, పెదాలు విప్పి పళ్ళు చూపించింది. మొదటిసారి చూశాను. పంటి పంటి మీదా పసుపు చారలు, గోధుమరంగు మరకలు. "నేను గివి దాసుకునే బతుకుతున్న. తెలిసి తెలిసి మల్ల నా బిడ్డ నోట్ల గదే పెట్టాల్నా?"

నాన్న పేపర్లో చూపించిన ఫోటోలోంచి ఒక మనిషి లేచొచ్చి మా వంటింట్లో నిలబడినట్టయింది. అందరికీ జవాబు చెప్పే నేను, ఆ పూట పేస్టు తీసి అటకెక్కించాను. ఈవిడది పేపరు చదివి తెచ్చుకున్న భయం కాదు, ఇంట్లో మనిషిని చూసి తెచ్చుకున్నది. కానీ అవతల పిల్ల దవడ పన్ను ఉంది, దాని మీద మచ్చ ఉంది. భయం న్యాయమైనదైనా పన్ను ఆగదు. మర్నాడు కాఫీ గ్లాసు చేతికిచ్చి కూర్చోబెట్టి, పెనం, సున్నం, చిటికెడు, దోసెడు, అంతా చెప్పాను. సరిత అంతా విని, ఒకే ఒక్క మాట అడిగింది.

"మంచిగనే ఉంది అత్తమ్మా. మరి మన ఇంట్ల నీళ్ళల్ల ఎంతుందో మీకు ఎరికేనా?"

ఎరిక లేదు. ఇన్నేళ్ళూ చిటికెడు గురించి ఉపన్యాసాలు ఇచ్చాను గానీ, మా బోరులో చిటికెడుందో దోసెడుందో ఎప్పుడూ అడగలేదు. మా మామ్మ ఉంటే ఈ కోడల్ని నెత్తిన పెట్టుకునేది. "మచ్చు తీసి పంపుదాం," అన్నాను. మచ్చంటే ఏందని అడిగింది. చెప్పాను. "శాంపిల్ అనరాదా," అని సీసా కడిగి, బోరు కింద తనే పట్టి, మూత బిగించి, నీళ్ళు పరీక్ష చేసేచోటికి తనే తీసుకెళ్ళింది. జవాబు వచ్చేదాకా నేను పిల్లని రోజూ వెలుతురులో నిలబెట్టి నోరు తెరిపించి చూస్తూనే ఉన్నాను. మచ్చ అక్కడే ఉంది. రంధ్రం పడితే నేను ఎవర్నీ క్షమించనని దానికి కూడా చెప్పాను. అది నోరు తెరిచే తలూపింది.

జవాబు వచ్చిన సాయంత్రం సరిత ఆఫీసు బ్యాగు భుజాన ఉండగానే వంటింట్లోకి వచ్చింది. "మన బోరుల చాన తక్కువుందంట అత్తమ్మా. తాగే నీళ్ళతోని ఏం భయం లేదన్నరు. గా డాక్టరమ్మకు ఫోన్ చేసిన, రేపు పూయిస్త." అని, నేను అటకెక్కించిన పేస్టు తనే దించింది. "గని బఠాణి గింజంతనే పెట్టాలె. మింగనియ్యొద్దు. పొద్దుగాల నేనే నిలబడి చూస్త." నేను ఓడిపోయానో గెలిచానో తేల్చుకోలేకపోయాను. బఠాణీ గింజంతే అన్నాను.

నేనిప్పటికీ ఉంటున్నది ఆ బెల్లం ఇంట్లోనే, దాని అరుగు మాత్రం రోడ్డు వెడల్పులో పోయింది. ఇప్పుడు ఇనప గేటూ, దాని ముందు నాలుగడుగుల సిమెంటు గట్టూ ఉన్నాయి. నాకు అవి చాలు. డాక్టరమ్మ పూత పూసిన మర్నాడు పొద్దున్న, హాసినీ నేనూ గేటు బయట నిలబడి తోముకుంటున్నాం. దానికి నురగంటే సరదా, గెడ్డం దాకా కార్చుకుంది. సరిత గేటు పట్టుకుని, అన్న మాట ప్రకారం, పిల్ల మింగుతుందేమోనని కన్నార్పకుండా చూస్తోంది. వీధిలో షేర్ ఆటోలు బెల్లం లారీ వెనక ఆగిపోయాయి, వాటిలో జనం మమ్మల్నే చూస్తున్నారు. ఎదురింటి కిరాణా కొట్టాయన షట్టరు ఎత్తుతూ ఆగి, "ఏటండీ పెద్దమ్మగారూ, వీధిలోన ఈ నురగలేటండీ, లోపల పంపు లేదా?" అన్నాడు. నా నోటి నిండా నురగ. జవాబు ఉంది గానీ చెప్పే వీలు లేదు.

"నోరు వాళ్ళది అన్నా. తోముకోనియ్యి," అంది సరిత.

ఆ మాట సరితకి నేనే చెప్పాను, పెనం కథతో పాటు. చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కొట్టాయన తెల్లబోయాడు, హాసిని పకపకా నవ్వింది, నురగ నా చీర మీద పడింది. సరితకీ నవ్వొచ్చింది. అలవాటుగా చెయ్యి పైకి లేచింది, సగం దాకా వచ్చి, మళ్ళీ గేటు మీదికే దిగింది. నడివీధిలో, అంతమంది చూస్తుండగా, పసుపు చారల పళ్ళన్నీ కనబడేట్టు మా కోడలు నవ్వింది.